బల్ల కింద కాలు

"ఎలా ఉందే?" అంది వదిన.

"బాగుందండీ," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. పోట్లాట ఏమీ లేదు. మర్నాడు పొద్దున్న వాకిట్లో కళ్ళాపి చల్లుతూ కూలబడింది, ఆటో వచ్చేసరికి పోయింది. నేను బాగుందన్నది పులిహోరని. అది బాగోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు హోటళ్ళ సంగతి రాసుకో, నువ్వు అడిగింది అదే కదా.

ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు. పెంటపాడు వైపు ఒక బళ్ళో టీచరు. పెద్దవాళ్ళ కబుర్లు పుస్తకంగా వేస్తున్నారట వీళ్ళు. "నువ్వు ఊళ్ళు తిరిగి తిన్నవన్నీ చెప్పు పెద్దమ్మా" అంది. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు మీద ఏలూరు అన్న అక్షరాలు పోల్చుకుంటాను. అంతకు మించి రాదు. అందుకని నేను చెప్తున్నాను, తను రాస్తోంది. పేర్లు వద్దన్నాను. ఊరి పేరు కూడా వద్దన్నాను. పెదపాడు దాటి కొల్లేరు వైపు వెళ్తుంటే వచ్చే ఊళ్ళలో ఒకటి, వరి తగ్గి చేపల చెరువులు పెరిగిన ఊరు, అంతవరకు చాలు. మా చెల్లెలి కూతురికి మా ఊరి మనుషులు ఎవరూ తెలీదు. తెలిస్తే ఈ సంగతి తనకి చెప్పేదాన్ని కాదు.

మా ఆయన పోయాక ఏడాది నేను గడప దాటలేదు. దాటాలనిపించలేదు అని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. దాటకూడదు కాబట్టి దాటలేదు. పొద్దున్నే ఎదురొస్తే ఊరికి బయలుదేరినవాళ్ళు వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చేవాళ్ళు. వాళ్ళని అంత శ్రమ పెట్టడం ఎందుకని ఇంట్లోనే ఉండేదాన్ని. సంవత్సరీకం అయిన వారానికి వదిన వచ్చింది. మా ఆయనకి వరసకు అక్క ఆవిడ, నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

"చీర మార్చుకో, ఏలూరు వెళ్దాం," అంది.

"ఎందుకండీ?"

"నీకు షుగర్ ఉందిగా, చూపించుకుందాం."

"నాకు షుగర్ లేదండీ."

"చూపించుకుంటే ఉందో లేదో తెలుస్తుంది."

వెళ్ళాం. ఉంది. డాక్టరు తీపి మానెయ్యమన్నాడు, నెలనెలా వచ్చి చూపించుకోమన్నాడు. మెట్లు దిగుతూ వదిన, "కారం మానమనలేదుగా," అంది. తిన్నగా పాత బస్టాండు వైపు ఒక టిఫిను హోటలుకి తీసుకెళ్ళింది. అప్పటికి నాకు యాభై దాటాయి. హోటల్లో బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు. మా ఆయన పొట్లాలు కట్టించుకుని తెచ్చేవాడు. ఇంటికొచ్చేసరికి అట్టు తడి గుడ్డలా అయ్యేది, ఆయనకి పెట్టి మిగిలింది నేను నిలబడి తినేదాన్ని. పెసరట్టు పెనం మీంచి దిగినప్పుడు అంచు కరకరమంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత నెలనెలా వెళ్ళాం. పేరు షుగర్ పరీక్షది. ఇంకో ఇద్దరు కలిశారు. ఒకావిడ మా ఊరి కిరాణా కొట్టు వాళ్ళ కోడలు. కోడలంటే ఆవిడకీ అరవై దగ్గర పడ్డాయి. కొట్టావిడ అంటాం. వాళ్ళు నీసు ముట్టరు, గుడ్డు కూడా ముట్టరు, అందుకని నలుగురం వెళ్తే నీసు లేనివే తినేవాళ్ళం. రెండో ఆవిడ పాల కేంద్రంలో పాలు పోయించుకునేది, పాలావిడ. నోట్లో ముద్ద ఉన్నా సరే ఆవిడకి నవ్వు ఆగదు. ఎదుటివాళ్ళం కాస్త పక్కకి జరిగి కూర్చోవాలి.

ఏది తెప్పించినా నాలుగు భాగాలు చేసుకునేవాళ్ళం. మొదటి ముక్క వదినది. ఆవిడ నమిలి, మింగి, చెప్పాకే మేం ముట్టుకునేవాళ్ళం. "పెసలు నానలేదు, తొందరపడ్డాడు" అనేది. "అల్లం నిన్నటిది" అనేది. ఆవిడ చెప్పాక మాకూ నిజమే అనిపించేది. టిఫిను హోటలు ఆయన ఆవిణ్ణి చూస్తే గల్లా వదిలి లేచి వచ్చేవాడు.

"ఇవాళ ఏం వంకండీ పెద్దమ్మగారూ?"

"ఇంకా నోట్లో పెట్టలేదు, అప్పుడే భయమా?"

"మీరు నోట్లో పెట్టేదాకానేనండీ మాకు భయం."

ఊళ్ళో ఆవిడ మర్యాదంతా ఆ నాలుకలోనూ ఆ చేతిలోనూ ఉండేది. ఏ ఇంట్లో శుభమైనా, ఏడాది తద్దినమైనా వంట దగ్గర ఆవిడే కూర్చోవాలి. కార్తీక మాసంలో ఊరంతా కలిసి చెరువు గట్టు మీద ఉసిరి చెట్టు కింద భోజనాలు చేస్తాం. దేవుడికి పెట్టే పులిహోర ఆవిడే కలపాలి. నీకు తెలుసుగా, నైవేద్యం పెట్టేది ముందు నాలిక మీద వేసుకోకూడదు. ఉప్పు చూడ్డం లేదు, పులుపు చూడ్డం లేదు. గుప్పిటతో వేసి ఊరుకోవాలి. వంద మంది తినే గంగాళంలో ఆవిడ గుప్పిట ఒక్కసారి తప్పింది లేదు. కాపరానికి వచ్చిన మూడో ఏటి నుంచి ఆ గంగాళం ఆవిడదే.

తర్వాత జ్వరాల ఏడాది వచ్చింది. వదిన వెనక గదిలో ఇరవై రోజులు పడుకుంది. లేచింది. మళ్ళీ ఏలూరు వెళ్ళడం మొదలుపెట్టేసరికి చాలా నెలలు పట్టింది. మొదటి రోజే టిఫిను హోటలు ముందు ఆగి, లోపలికి రానంది.

"ఈ పెసరట్టు ఎన్నిసార్లు తింటామే? చచ్చి బతికాం. ఎప్పుడూ తిననివి తిందాం."

మాకు సరదా వేసింది. బయటికొచ్చిన ప్రతిసారీ ఒక కొత్తది, అదీ కట్టుబాటు. రోడ్డు మీద కాలేజీ పిల్లలు గుంపుగా నిలబడి ఏం తింటుంటే అక్కడికి వెళ్ళి, "ఇదేంటమ్మా?" అని అడిగి అదే చెప్పేవాళ్ళం. మోమోలు తిన్నాం. తెల్లగా, ఆవిరి మీద, కుడుముల్లా ఉన్నాయి.

"వినాయక చవితి ఇంకా రాలేదు కదండీ," అంది పాలావిడ.

కొట్టావిడ బండబ్బాయిని మూడుసార్లు అడిగింది, "లోపల క్యాబేజీయేనా బాబూ? క్యాబేజీయేనా?" అని. అతను విసుక్కుని ఒకటి చీల్చి చూపించాడు.

వదిన ముక్క తీసుకోలేదు. "మీరు తినండి ముందు. నాకు వేడి పళ్ళకి తగుల్తుంది," అంది. మేం తిన్నాం. పాలావిడ మొహం చిట్లించి, "ఉడికీ ఉడకనట్టు ఉందేంటి?" అంది. అప్పుడు వదిన ఒకటి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, "ఉడికింది. వీళ్ళ పద్ధతే అంత," అంది. మేం తలలూపాం. వాళ్ళ పద్ధతి ఏంటో మాకు మాత్రం ఏం తెలుసు?

తాడేపల్లిగూడెంలో కొట్టావిడ అన్నగారింటి గృహప్రవేశానికి నలుగురం వెళ్ళినప్పుడు పిజ్జా తిన్నాం. అద్దాల గది, లోపల చలి. పాలావిడ ముక్క పైకి లాగితే తీగలు సాగాయి, చెయ్యి తలపైకి ఎత్తినా తెగలేదు. "కత్తెర తెమ్మనండర్రా!" అని కేకలు. పక్కన చిన్న చిన్న పొట్లాలు ఇచ్చారు, ఎర్రటి పొడి ఒకటి, ఎండిన ఆకు ఒకటి. అవి ఇంటికి పట్టుకెళ్ళడానికి ఇచ్చారనుకుని కొట్టావిడ సంచిలో వేసేసుకుంది.

"వ్యాపారం ఇంటి కోడలివి, చేతికొచ్చింది పోనిస్తావా?" అంది వదిన.

"మీకూ రెండిస్తానండీ అక్కగారూ, ఏడవకండి."

మాకు ఆ పిజ్జా చప్పగా, జిడ్డుగా అనిపించింది. అందరం వదిన మొహం చూశాం. ఆవిడ మా మొహాలు చూసింది. తర్వాత, "వీళ్ళ పద్ధతే అంత," అంది. అప్పుడు నాకు ఏమీ తట్టలేదు.

తట్టింది ఒక టీ దగ్గర.

ఏలూరులో కాలవ వంతెన దగ్గర టీ బండి. ఎప్పుడూ నాలుగు టీలు చెప్తాం, అందులో ఒకటి పంచదార లేకుండా, అది నాది. ఆ రోజు బండాయన పంచదార లేనిది పక్కకి పెట్టి చెప్పాడు. పాలావిడ నవ్వుతూ అన్నీ కలిపేసి అందించింది. నేను ఒక గుక్క తాగితే తీపి. నాది ఎవరికి వెళ్ళిందా అని చూస్తున్నాను. కొట్టావిడ తాగుతోంది, పాలావిడ తాగుతోంది. వదిన సగం తాగేసి కప్పు దింపి, "పంచదార దట్టించాడే ఇవాళ, పాకంలా ఉంది," అంది.

మిగతా ఇద్దరూ అవునన్నారు. వాళ్ళవి తీపే కదా.

"మీది చల్లారిపోయినట్టుంది, ఇలా ఇవ్వండి వేడిది పోయిస్తాను," అని ఆవిడ కప్పు తీసుకున్నాను. అటు తిరిగి ఒక గుక్క తాగాను. చిటికెడు పంచదార కూడా లేదు. వేడి టీ కొంచెం పోయించి ఇచ్చేశాను. నా తీపి టీ నేను మొత్తం తాగేశాను. డాక్టరు దగ్గర పని అప్పటికే అయిపోయింది కాబట్టి సరిపోయింది.

బస్సులో నాకూ వదినకీ ఒక సీటు దొరికింది. మిగతా ఇద్దరూ ముందెక్కడో కూర్చున్నారు. బస్సు పెదపాడు దాటింది.

"ఎన్నాళ్ళయిందండీ?" అన్నాను.

"ఏది?"

"నోరు."

వదిన కిటికీ వైపు తిరిగింది. చెరువుల్లో చేపలకి గాలి అందించే చక్రాలు తిరుగుతున్నాయి, నీళ్ళు చిమ్ముతున్నాయి. "జ్వరాల నుంచి," అంది. "కారం అయితే మంట తెలుస్తుంది. మిగతాదంతా తడి మట్టే. ఉప్పూ మట్టే, బెల్లమూ మట్టే."

"వాసనో?"

"అదీ లేదు. మొన్న పాలు మాడిపోతే మా వాళ్ళు వీధిలోంచి పరిగెత్తుకొచ్చారు. నేను పొయ్యి పక్కనే కూర్చునున్నాను. కునుకు పట్టిందని చెప్పాను."

"డాక్టరుకి చూపించలేదా?"

"కొందరికి తిరిగొస్తుందట, కొందరికి రాదట. నేను రెండో రకం."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్తే పొయ్యి దగ్గరికి రానిస్తారా? కార్తీకంలో గంగాళం దగ్గర కూర్చోనిస్తారా? అది తప్ప నాకేం వచ్చే? నీకు పొలం పని వచ్చు, వాళ్ళిద్దరికీ లెక్కలొచ్చు."

"మరి ఎలా వండుతున్నారండీ?"

చెయ్యి చూపించింది. "దీనికి తెలుసు. దీనికేం జ్వరం రాలేదుగా."

నాకు ఇంకోటి అడగాలనిపించింది. "అందుకేనా కొత్తవి తిందాం, కొత్తవి తిందాం అని?"

"మరి? పెసరట్టు ఎలా ఉండాలో మీకు తెలుసు, దాని దగ్గర నేను దొరికిపోతాను. మోమో ఎలా ఉండాలో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అక్కడ మనం నలుగురం ఒకటే."

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు. ఒట్టు వెయ్యి. మీ ఆయన మీద వెయ్యమందామంటే ఆయన కూడా లేడాయె," అని నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆయన పోయాక ఆయన మీద నా ఎదుట ఎవరూ హాస్యం ఆడలేదు. ఒట్టు మా ఇంటి గేదె మీద వేశాను. అది ఇప్పటికీ బాగానే ఉంది.

కాలి సంగతి ఆవిడే కనిపెట్టింది. హోటల్లో మొదటి ముద్ద నేను తినాలి. బల్ల కింద ఆవిడ కాలు నొక్కాలి. ఒకసారి నొక్కితే ఉప్పు తక్కువ, రెండుసార్లయితే ఎక్కువ. పులుపుకి మడమతో. తీపికి పక్కకి రాయాలి. బాగుంటే కదలకూడదు. నేను నొక్కగానే ఆవిడ ఒక ముక్క తిని, కళ్ళు మూసుకుని, "ఉప్పు ఒక పలుకు తగ్గింది," అనేది. పలుకు అనేది ఆవిడ సొంతం, నేను అంత లెక్క చెప్పలేదు. వాళ్ళిద్దరూ తిని చూసి, "అక్క నోరే నోరు," అనేవాళ్ళు. ఆ తర్వాత టిఫిను హోటలుకి కూడా వెళ్ళగలిగేవాళ్ళం గానీ, కొత్తవాటికి అలవాటు పడిపోయి వెళ్ళలేదు.

ఒకసారి పావ్‌భాజీ తింటున్నాం. ఇరుకు బల్ల. కూర ఉప్పుగా ఉంది, రెండుసార్లు నొక్కాను. వదిన పలకలేదు. మళ్ళీ రెండుసార్లు నొక్కాను, కాస్త గట్టిగా.

"ఎవరిదమ్మా ఈ కాలు?" అంది పాలావిడ. "ఇందాకట్నుంచి నన్ను తొక్కుతోంది. ఈ వయసులో బల్ల కింద నాకు సైగలేంటి?"

"నాదే," అన్నాను. "తిమ్మిరెక్కింది."

"నీ తిమ్మిరికి నా కాలే దొరికిందా? నా వేళ్ళు పప్పయిపోయాయి!"

ఆవిడ నవ్వుకి నోట్లోది కొట్టావిడ చీర మీద పడింది. వదిన మాత్రం నవ్వలేదు, నన్నే చూస్తోంది. నాకు రెండు వేళ్ళు చూపించడానికి వీల్లేదు. "నీళ్ళు తెమ్మనండి, దాహంగా ఉంది," అన్నాను. ఆవిడకి అర్థమైంది. "ఉప్పు దంచాడు," అంది వెంటనే.

అలా నాలుగు కార్తీకాలు గడిచాయి. గంగాళం దగ్గర కాలూ లేదు, బల్లా లేదు. అక్కడ నైవేద్యం కదా, ముందు రుచి చూడకూడదన్న కట్టుబాటు అందరికీ ఒకటే. ఆవిడకి అది కలిసొచ్చింది. గుప్పిటతో వేసేది, సరిపోయేది. ప్రతి ఏడూ మొదటి ముద్ద తిన్నాక నేను ఆవిడ వైపు చూసి కళ్ళార్పేదాన్ని.

ఆఖరి ఏడాది, కార్తీకానికి నెల ముందు, ఒకరింట్లో ఓణీల ఫంక్షనుకి సాంబారు ఆవిడే పెట్టింది. ఉప్పు లేదు. తగ్గడం కాదు, అసలు వెయ్యలేదు. పంక్తిలో ఎవరో అన్నారు. "ఊరందరికీ బీపీలేగా, కావాలనే మానేశాను," అంది వదిన. "మా డాక్టరు కూడా అదే చెప్పాడు," అన్నాను నేను. నవ్వులాటలో పోయింది. కానీ చెయ్యి కడుక్కునే చోట ఆవిడ కుళాయి తిప్పి నీళ్ళు పోతున్నా కడుక్కోకుండా ఆ చెయ్యి చూసుకుంటూ నిలబడింది. నేను కుళాయి కట్టేశాను.

ఇక పులిహోర.

చెరువు గట్టు మీద పొయ్యిలు పెట్టాం. ఒక పొయ్యి మీద అన్నానికి ఎసరు, ఇంకో పొయ్యి మీద చింతపండు గుజ్జు. వదిన పద్ధతి ఏంటంటే అన్నంలో ఉప్పు వెయ్యదు, గుజ్జు ఉడుకుతున్నప్పుడు అందులోనే నాలుగు గుప్పిళ్ళు వేస్తుంది. ఆ రోజు గుజ్జు ఉడికి దగ్గర పడుతుండగా పూజ దగ్గర్నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది. ఉప్పు డబ్బా మూత తియ్యలేదు. నేను చూస్తూనే ఉన్నాను. గుజ్జు చిక్కబడిపోయింది, ఎవరో దించేశారు. నాకు సాంబారు గుర్తొచ్చింది. ఈవిడ మర్చిపోయింది, ఈసారి బీపీ అంటే ఎవరూ నమ్మరు అనుకున్నాను. బియ్యం ఎసట్లో పడ్డాయి. చుట్టూ చూసి, నాలుగు గుప్పిళ్ళ ఉప్పు ఎసట్లో వేసి గరిటె తిప్పాను. తర్వాత అరిటాకులు కడగడానికి రేవులోకి దిగాను.

ఆకులు పట్టుకుని పైకొచ్చేసరికి వదిన గుజ్జు మళ్ళీ పొయ్యి మీదకి ఎక్కించి ఉంది, డబ్బా మూత తీసి ఉంది. మర్చిపోలేదు ఆవిడ. వచ్చి, వేసుకుంది. అన్నం అప్పటికే వార్చి చాపల మీద పరిచేశారు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్తే ఏమవుతుంది? "నువ్వెందుకేశావే, ఎప్పుడూ ఆవిడే కదా వేసేది?" అంటారు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళున్నారు. ఆ ప్రశ్నకి ఉన్న ఒక్క జవాబు మీద ఒట్టు ఉంది. పక్కకి పిలిచి చెప్దామంటే ఆవిడ మడిలో ఉంది, కలుపుతోంది, చుట్టూ జనం. నేను ఆకులు తుడుస్తూ కూర్చున్నాను. నైవేద్యం పెట్టారు, హారతి ఇచ్చారు, పంక్తి వేశారు.

ఒక ముద్ద తిన్నాను. నాలిక పొక్కిపోయేంత ఉప్పు. పంక్తిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ప్రసాదానికి వంక పెట్టరు కదా. ఎవరి ఆకులోది వాళ్ళు తల వంచుకుని తింటున్నారు. నేను ఆవిడ వైపు చూసి కళ్ళార్పలేదు. చూడనే లేదు. అందుకని వదినే వడ్డన గిన్నె పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడి, అందరి ముందూ నోరు తెరిచి అడిగింది.

"ఎలా ఉందే?"

"బాగుందండీ."

ఆవిడ ఆఖరి పంక్తిలో కూర్చుంది. రెండు గరిటెలు వేయించుకుంది. మొత్తం తింది, ఆకులో మెతుకు మిగల్చలేదు. నేను దూరం నుంచి చూశాను. తిన్నాక ఆకు మడిచి తలెత్తింది. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర జనం వరస కట్టారు. తాగినవాళ్ళు మళ్ళీ తాగుతున్నారు. ఆవిడ ఆ వరస వైపు చూసింది. తర్వాత నా కోసం చూసింది. నేను గిన్నెలు తోమేవాళ్ళ వెనక్కి వెళ్ళి, మొదటి ఆటో ఎక్కేసి ఇంటికొచ్చేశాను. పొద్దున్న వెళ్ళి మాట్లాడదామనుకున్నాను.

ఆవిడకి తెలిసిందో లేదో నాకు తెలీదు. ఇన్నాళ్ళూ అందరి మొహాలు చూసి రుచి తెలుసుకున్న మనిషి. తెలిసే ఉంటుంది.

నెల దాటాక మేం ముగ్గురం ఏలూరు వెళ్ళాం. కొత్తది ఏం తిందామని ఎవరూ అనలేదు. కాళ్ళు టిఫిను హోటలుకి తీసుకెళ్ళాయి. హోటలాయన గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి, "పెద్దమ్మగారు రాలేదాండీ?" అన్నాడు. పాలావిడ చెప్పింది. ఆయన లోపలికి వెళ్ళి, మేం చెప్పకుండానే మూడు పెసరట్లు పంపించాడు. ఎవరి అట్టు వాళ్ళకి వచ్చింది. భాగాలు చెయ్యాల్సిన పని లేదు.

కొట్టావిడ అల్లం పచ్చడి నంజుకుంటూ మొదలుపెట్టింది. "ప్రసాదమని నోరెత్తలేదు గానీ, ఆ రోజు పులిహోర నోట్లో పెట్టలేకపోయానండీ."

"నేను నాలుగు గ్లాసులు తాగాను," అంది పాలావిడ. ఆవిడ నవ్వలేదు. "ఊళ్ళో ఏమంటున్నారో విన్నావా? పెద్దదైపోయింది, చెయ్యి తప్పింది, ముందే మాన్పించాల్సింది అంటున్నారు. ఆ గంగాళం తలుచుకోగానే ఇప్పుడు అదే మాట. అవునే, ఆవిడ తిన్నదా అది? తింటే ఆవిడకే తెలిసేదిగా?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"తినలేదు," అన్నాను. "ఆవిడ కూర్చునేసరికి అయిపోయింది."

"పోన్లే. తెలీకుండా పోయింది," అంది కొట్టావిడ.

నేను అట్టు ముక్క తుంచాను, మళ్ళీ పెట్టేశాను. "ఆవిడ చెయ్యి తప్పలేదు," అన్నాను. "ఎసట్లో నాలుగు గుప్పిళ్ళ ఉప్పు నేనే వేశాను."

"నువ్వా? ఎందుకేశావే?"

"ఇంట్లో అన్నం అనుకున్నాను. నా మతి సంగతి తెలుసుగా."

"ఇంట్లో అన్నంలో నాలుగు గుప్పిళ్ళ ఉప్పు ఎవరేస్తారే!" అంది పాలావిడ. ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. అట్టు ముక్కలు నా దాకా వచ్చాయి. "డ్రమ్ము ఖాళీ చేయించావు కదే ఊరంతటి చేతా! ఆ పాపం ఆవిడ నెత్తిన పెట్టి నెల రోజులు కూర్చున్నావా?"

"కూర్చున్నాను," అన్నాను.

పాలావిడకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే. వారం తిరక్కుండా అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు ఏ ఇంట్లో వంట జరిగినా, "నువ్వు ఆకులు కడుగు, ఉప్పు డబ్బా దగ్గరికి రాకు," అంటారు. కొత్త కోడళ్ళు కూడా అంటారు. కడుగుతాను. వదిన మాట వస్తే, "ఆవిడ చెయ్యే చెయ్యి, ఒక్కసారి తప్పింది లేదు," అంటారు. అది నిజమే కదా, తప్పలేదు.

ఆవిడ నోటి సంగతి మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు నీకు తెలిసింది.

అదే అమ్మా ఇప్పుడు నాకు పట్టుకున్న భయం. చెప్పేటప్పుడు తెలీలేదు గానీ, ఉప్పు సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు కదా. ఈ పుస్తకం ఎవరైనా కొని మా ఊరు తెచ్చారనుకో, డ్రమ్ము దగ్గరికి రాగానే పోల్చేస్తారు. అక్కణ్ణుంచి వెనక్కి టీ దగ్గరికి వెళ్తారు, ఆవిడ నోటి సంగతి తెలిసిపోతుంది. పులిహోర అని కాకుండా ఇంకేదైనా రాస్తే? చెరువు గట్టు తీసేస్తే? కొట్టావిడ, పాలావిడ అని కూడా పడకూడదేమో. నాకు చదవడం రాదు, ఏది ఎక్కడ రాశావో నాకు కనపడదు. ఆ తలుపు దగ్గరగా వేసి, కూర్చో. మొదటి నుంచి ఒకసారి చదువు, గట్టిగా కాదు, నాకు వినపడేంత. ఆవిడ ఎక్కడెక్కడ తెలిసిపోతోందో చెప్తాను, అక్కడ కొట్టేద్దువుగాని.